బూరుగుచెట్టు కథయు బాలుర తీర్పును



మన యిందూరు సీమను గోదావరి తొలుత దర్శించుచోటు కందకుర్తి. అచ్చట మంజీరయు హరిద్రయు వచ్చి యా మహానదిలో గలియుచున్నవి. అటుపిమ్మట నా నది యీవలియొడ్డున మన గ్రామములను, ఆవలియొడ్డున బాసర సరస్వతిని నిలిపికొని తూర్పుముఖముగా సాగిపోవును. ఈ గోదావరియొడ్డుననే, ఒక పెద్ద బూరుగుచెట్టుకడ, లోకమున మిక్కిలి దూరము ప్రయాణించిన బాలకథ యొకటి మొదలగుచున్నది. నారాయణపండితుని హితోపదేశములో మిత్రలాభ మా చెట్టుతోడనే యారంభమగును. ఆ చెట్టు నాసికము చెంత నుండెనో, మన పోచంపాడుకడ నుండెనో గ్రంథకర్త చెప్పలేదు. కావున నది పాఱు ప్రతిగ్రామమువారును దానిని తమదిగా జెప్పుకొనవచ్చును. నేనును జెప్పుకొనుచున్నాను.

నేడు నేను ప్రసంగింపబూనినది యా కథనుగూర్చి కాదు. ఆ కథను విన్న బాలు రేమనుకొనిరను విషయమునుగూర్చి. రాజుల జననమరణములకు శాసనములున్నవి, యుద్ధములకు వీరగల్లు లున్నవి. కథ విన్న పిల్లవాని తలంపునకు శాసనమెక్కడిది? అయినను వెదకినచో నట నట జాడలు గానవచ్చుచున్నవి.

కథ మీరందఱు నెఱిగినదే. తెల్లవాఱుజామున లఘుపతనకమను కాకి మేల్కొని, యమునివలె వచ్చుచున్న వేటకానిని జూచెను. వాడు నూకలు చల్లి, వల పన్ని, పొంచియుండెను. చిత్రగ్రీవుడను పావురములఱేడు పరివారముతో నాకాశమున బోవుచు, మనుష్యసంచారము లేని యడవిలో నూకలెట్లు వచ్చెనని శంకించి, దిగవలదనెను. గర్వించిన పావుర మొకటి యామాట త్రోసివేసెను. అన్నియు వ్రాలెను, అన్నియు జిక్కెను. పిమ్మట నొక్కుమ్మడి నెగిరి, వలతోగూడ బోయి, హిరణ్యకుడను నెలుక కలుగుకడ వ్రాలి, బంధములు గొఱికించుకొనెను. అది చూచిన కాకి యెలుకతో జెలిమి చేసెను. తరువాత మంథరుడను తాబేలును, చిత్రాంగుడను లేడియు వచ్చి చేరిరి. కడపట తాబేలు వేటకానిచేత బడగా, లేడి చచ్చినట్లు నీటియొడ్డున బడియుండుటయు, కాకి దాని కన్ను పొడుచునట్లు నటించుటయు, వేటకాడు తాబేటిని నేల దింపి లేడికై పోవుటయు, నెలుక త్రాడు గొఱుకుటయు జరిగెను. ఇంతకు మించిన సాహసకథ బాలుర కేమి కావలెను?

ఈ కథకు దొలుత జెవియొగ్గినవారు పాటలీపుత్రపు రాజకుమారులని గ్రంథము చెప్పుచున్నది. వారి తండ్రి సుదర్శనుడు. పుత్రులు శాస్త్రవిముఖులై యున్నారని యాతడు దుఃఖింపగా, విష్ణుశర్మ యాఱు మాసములలో వారిని నీతిజ్ఞులను జేసెదనని మాట యిచ్చెను. దీనికి మూలమైన పంచతంత్రములో రాజు పేరు అమరశక్తి, పట్టణము దక్షిణదేశమునందలి మహిళారోప్యము. పేర్లు మాఱినను సంగతి యొక్కటియే: చదువన్న గిట్టని పిల్లలు, వారికొఱకు మృగపక్షుల కథలు. మిత్రలాభము ముగియగనే కుమారులు సంతోషించి, యంతయు వింటిమి, సుఖపడితిమి, మా కోరిక నెఱవేఱినదని పలుకుదురు. ఒక బాలకథపై బాలుర యభిప్రాయము వ్రాతలో నెక్కిన ప్రాచీనస్థలములలో నిదియొకటి. అయితే యిది నిక్కముగా శిష్యుల మాటయా, లేక గురువుగారు తమకు దామే వ్రాసికొన్న యోగ్యతాపత్రమా యని నాకు సందేహము. ఏ పావుర మిష్టమైనది, ఎవరి తప్పు దోచినది, ఎక్కడ నవ్వు వచ్చినది, ఒక్కటియు వారు చెప్పరు. తన శిష్యు లంత వినయముగా మెచ్చుకొన్ననాడు బడిపంతులు వెఱవవలెను.

మూడవభాగము మొదట మాత్ర మా పిల్లలు నిజముగా నోరు విప్పిరి. తాము రాజపుత్రులమనియు, గావున విగ్రహమును, అనగా యుద్ధమును వినవలెనని కుతూహలపడుచున్నామనియు వారు కోరిరి. ఇది పిల్లల మాట, సందేహము లేదు. మిత్రులు గలియుటయు విడిపోవుటయు వినిరి, ఇక గొట్లాట కావలెను. దానికి విష్ణుశర్మ, మీకేది రుచించునో దానినే చెప్పెదనని బదులు పలికెను. ఆ యొక్క పలుకునుబట్టి నే నా బ్రాహ్మణునకు నమస్కరించుచున్నాను. పాఠక్రమము గురువుచేతిలో నున్నను, రుచి శిష్యునిదని యాతడెఱుగును.

వినువారి తీర్పునకు సంబంధించిన మఱియొక పురాతనగాథ మన గోదావరీతీరమునకే చెందినది. సాతవాహనరాజు సభలో నుండిన గుణాఢ్యుడు పైశాచీభాషలో బృహత్కథను రచించెననియు, భాష నీచమైనదని రాజు దానిని తిరస్కరించెననియు, పదునొకండవ శతాబ్దిలో గాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరము చెప్పుచున్నది. గుణాఢ్యు డడవికి బోయి, యొక్కొక్క పత్రమును జదివి యగ్నిలో వేయుచుండెను. మృగములు మేత మఱచి, చుట్టును నిలిచి, కన్నీరు గార్చుచు వినెను. అవి చిక్కిపోవుటచే రాజునకు వచ్చు మాంసమెండిపోయెను. అప్పుడుగాని రాజునకు గ్రంథము విలువ తెలియలేదు. ఏడులక్షల శ్లోకములలో నొక్క లక్ష మాత్రము మిగిలెను. పండితులు వలదన్న పుస్తకమునకు మృగములు తీర్పు చెప్పెనట! ఇది చరిత్ర కాదు, గాథ. కాని భాషపేరిట బుస్తకమును ద్రోసివేయు రాజులును, అర్హత లేదనుకొన్న శ్రోతలే గ్రంథమును బ్రతికించుటయు గాథలలోనే యుండునని చెప్పజాలము.

పంచతంత్ర మాఱవ శతాబ్దిలోనే దేశము దాటెను. పారసీకచక్రవర్తియగు ఖుస్రో అనూషిర్వాను కొలువున నుండిన బుర్జోయి యను వైద్యుడు దానిని పహ్లవీభాషలోనికి గొనిపోయెను. చచ్చినవారిని బ్రతికించు మూలికను వెదకుచు వచ్చిన యాతనికి, ఆ మూలిక యీ గ్రంథమేయని మనవారు చెప్పిరని ఫిరదౌసి షాహనామాలో నున్నది. ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్ను అల్‌ముకఫ్ఫా దానిని అరబ్బీ చేసెను. మన కరటకదమనకు లను నక్కలు కలీలాదిమ్నా లై గ్రంథమునకు దమ పేరే యిచ్చికొనిరి. పదునైదవ శతాబ్దిలో హుసేన్ వాయిజ్ కాషిఫీ అన్వారె సుహైలీ యను పేర దానిని మఱల బారసీకమున జెప్పెను. అక్బరు నానతిచే అబుల్ ఫజలు 1588లో అయారె దానిష్ అను సులభరూపము గావించెను. అన్వారె సుహైలీ మన దేశపు మక్తబులలో జిరకాలము పాఠ్యగ్రంథమై యుండెను. కావున నిజాములయేలుబడిలో నొక వీథిలో మౌల్వీగారికడ పారసీకము చదువు బాలుడును, పక్కవీథియరుగుమీద దెలుగు పంచతంత్రము చదువు బాలుడును, ఒకే నక్కల కథ వినుచు, అది యొక్కటేయని తెలియక యుండిరి.

ఐరోపాలోను నీ కథలు ప్రవేశించెను. ఫ్రెంచికవి లాఫోంతేను 1678లో వెలువరించిన తన రెండవ కథాసంపుటమున బెక్కింటికి పిల్పే యను హిందూదేశపు ఋషికి దాను ఋణపడియున్నానని చెప్పుకొనెను. ఆ లాఫోంతేను కథలమీదనే రూసో యను తత్త్వవేత్త 1762లో ఎమీలు అను గ్రంథములో నొక గట్టి యాక్షేపణము దెచ్చెను. పిల్లలకు మృగములకథలు చెప్పవలదనెను! ఏలన, మీరు కాకిని జూచి బుద్ధి తెచ్చుకొనుమందురు. పిల్లవాడు కాకిని జూచి నవ్వి, దాని నోటిలోని తినుబండారము గాజేసిన నక్కను మెచ్చుకొనును. సింహము వేటలో బాలన్నియు దానే తీసికొన్న కథ విన్నచో, పిల్లవాడు సింహమే కావలెననుకొనును. చీమ యాకొన్నవానికి బెట్టక పొమ్మన్న కథ విన్నచో, బెట్టకుండుట నేర్చుకొనును. పెద్దలు చెప్పిన నీతి యొకటి, పిల్లవాడు పట్టుకొన్న నీతి యొకటి. కథను బిల్లవాని పక్షమునుండి పరిశీలించిన మొదటివారిలో నీతడొకడు. ఆతని వాదము తేలికగా ద్రోసివేయదగినది కాదు. మన విష్ణుశర్మ కథలలోను దెలివితో మోసగించినవాడే గెలుచు తావులు పెక్కు గలవు. కాని రూసో తన శిష్యుని గల్పించుకొని వ్రాసెను. గదిలో నలువదిమంది నిజమైన పిల్లలు కూర్చుండి వినినపుడు మాట వేఱుగ నుండును.

తెలుగున బంచతంత్రమును దూబగుంట నారాయణకవియు, బైచరాజు వేంకటనాథకవియు బద్యములుగా రచించిరి. అవి సభలకు, రసికులకు. బాలురకు జేరవచ్చినది వచనము. రావిపాటి గురుమూర్తిశాస్త్రిగారి వచనపంచతంత్రము ముందు వచ్చినను, పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లో వెలువడి మిగిలినవానిని వెనుకకు నెట్టెను. ఆ వచనము సొగసును వర్ణింప నే నశక్తుడను. చిన్ననాట దానిని వల్లించి పెరిగినవాడను గనుక, నా చెవి కది నేటికిని సంగీతమే. అయినను న్యాయము చెప్పవలెను. ఆ పుస్తకము పరీక్షాగ్రంథమైనపిదప పిల్లవానిని ప్రతిపదార్థ మడిగిరి, సంధులు విడదీయుమనిరి, సమాసములకు బేళ్లు చెప్పుమనిరి. వలతో నెగిరిన పావురములనుగూర్చి నీవేమనుకొంటివని యెవ్వరు నడుగలేదు. సూరిగారు మిత్రలాభ మిత్రభేదములు మాత్రమే రచించిరి. విగ్రహమును సంధియు బిమ్మట కందుకూరి వీరేశలింగముపంతులుగారు మొదలగువారి చేత దెలుగైనవి. అనగా రాజకుమారులు నోరు విప్పి కోరిన భాగమే తెలుగుపిల్లలకు దడవుగా వచ్చెను.

మన తెలంగాణమున నా దడవు మఱింత యెక్కువ. ఇచ్చటి రాజభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఉర్దూబోధనమునకే యేర్పడినది. ఇంట దెలుగు మాటాడు బాలుడు బడిలో నక్కను వేఱొక పేరున నేర్చుకొనవలసివచ్చెను. మాతృభాషలో విద్య కావలెనను కోరిక నిజాంరాష్ట్రాంధ్రమహాసభలలో మాటిమాటికి వినబడుచుండెను. ఆ సభలలో నాఱవది 1937లో మన నిజామాబాదుననే, మందుముల నరసింగరావుగారి యధ్యక్షతన జరిగెను. మఱుసటి యేడు వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తెలుగు పుస్తకములను దామే మోసికొని యూరూర దిరిగి యమ్మిరి. పిల్లలకొఱకే వెలసిన పత్రికలు, న్యాయపతి రాఘవరావు కామేశ్వరీదంపతుల ‘బాల’ 1945లోను, ‘చందమామ’ 1947 జులైలోను మద్రాసున బుట్టినవి. రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా బేరొందిన యా దంపతులు పిల్లలను మైక్రోఫోనుముందు నిలిపి మాటాడించిరి. బాలుని యభిప్రాయమునకు మన భాషలో నొక పీట వేసినవారు వారే.

ఇక బోధను సంగతి. మంజీరపై 1923లో మొదలుపెట్టి 1931నాటికి ముగించిన నిజాంసాగరమునుండి కాలువనీరు రాగా, నీ నేల చెఱకునేల యైనది. 1937లో శక్కరనగరమున నిజాము చక్కెరకర్మాగారము నెలకొల్పబడినది. 2015లో మూతపడువఱకు మా పిల్లలకు కాలమానము చెప్పినది దాని కూతయే. కృష్ణా గుంటూరు సీమలనుండి రైతులు వచ్చి క్యాంపు లనబడు గ్రామములు గట్టుకొనిరి. కోతకాలమున బొరుగు మరాఠీసీమనుండి కూలివారు వచ్చెడివారు. అందువలన నే నుపాధ్యాయుడనైన కాలమున మా తరగతిలో నూరివారి బిడ్డలు, క్యాంపువారి బిడ్డలు, తురకంపుబిడ్డలు, కోతకూలీల బిడ్డలు నొక్క చాపపై గూర్చుండెడివారు. ఏటేట నీ బూరుగుచెట్టుకథ చెప్పి, పుస్తకము మూసి, ‘ఇప్పుడు మీరు చెప్పుడు’ అని యూరకుండుట నా యలవాటు.

నేను ముందుగా నూహించినది, వలతో నెగురుటయే వారికి బ్రియమగునని. అది ప్రియమే, కాని యేటేట వారు తిరిగి చెప్పుమన్న తావు వేఱు. వలలో జిక్కినపిదప బక్షులన్నియు నా గర్వించిన పావురమును దిట్టబోగా, చిత్రగ్రీవుడు వారించి, యిది వాని దోషము కాదు, ఇపుడు దిట్టుట కాదు, ఉపాయము వెదకుడని పలుకును. పెద్దలమైన మనకది నాయకలక్షణము. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఊరి పిల్లవాడొకడు లేచి, ‘మా నాయన అయితే ముందుగాల గా పావురాన్ని తన్నేటోడు సారూ’ అనెను. తరగతియంతయు నవ్వెను, కాని యా నవ్వులో నొక నిట్టూర్పు గూడ వినబడెను. తప్పు చేసినవానిని గొట్టని రాజొకడు కథలోనైన నున్నాడని వారికి సంతోషము. రూసో కాకినక్కలలో జూచినది యిచ్చట నాకు గనబడలేదు. పిల్లలు గెలిచినవాని వెంట బోలేదు. తిట్లు తప్పించుకొన్న యా పేరులేని పావురము వెంట బోయిరి.

లేడిని, కాకిని, నక్కను గూర్చిన యుపకథ చెప్పిననాడు వివాదము పుట్టెను. నక్క లేడిని మాంసమునకై యాశించి, స్నేహము నటించి, పండిన చేనికి దీసికొనిపోవును. రైతు పన్నిన యుచ్చున లేడి చిక్కును. కాకి చెప్పిన యుపాయముచే నది చచ్చినట్లు పడియుండి తప్పించుకొనగా, రైతు విసరిన కఱ్ఱకు నక్క చచ్చును. నీతి స్పష్టము. అయినను క్యాంపు రైతుబిడ్డ యొకడు, ‘జింక రోజూ చేను మేసింది కదండీ, రైతు ఉచ్చు పెట్టక ఏం చేస్తాడు?’ అని యడిగెను. చెఱకుతోటలో నడవిపందులు చొచ్చిన రాత్రి మంచెమీద నిద్రకాచిన యింటివా డాతడు. నక్కయు జెఱకు నమలునని మా పిల్లలందఱెఱుగుదురు. ఊరిపిల్లలలో గొందఱు లేడిపక్షము వహించిరి, కొందఱు రైతుపక్షము. నక్కపక్షము మాత్ర మెవరును వహింపలేదు. హితోపదేశమున గఱ్ఱ విసరుటకు మాత్రమే వచ్చి పోవు నా రైతునకు, బోధను తరగతిలో నొక గంటసేపు ప్రధానపాత్ర లభించెను.

బోధనును పలువురు చరిత్రకారులు ప్రాచీనాశ్మకరాజధానియగు పోటలిగా గుర్తించిరి. అస్సకజాతకమున నా పోటలిరాజు, మరణించిన తన రాణికై శోకించుచు, ఆమె పేడపురుగై పుట్టెనని వినును. ఆ పురుగు తన నోటితోడనే, రాజుకంటె నిప్పటి పేడపురుగు మగడే తనకు బ్రియుడని చెప్పును. జాతకము పోటలిని గాశీరాజ్యమున జేర్చి చెప్పినది. ఆ చిక్కు పండితులకు విడుతము. పిల్లలకు మాత్ర మీ కథ మన యూరిదని చెప్పగా, వా రడిగినది యొక్కటే: ‘ఈడ్నేనా సారూ?’ అటుపిమ్మట పేడకుప్ప కడ నాగి వంగి చూడనివారు లేరు.

ఇక జెప్పవలసినది యొక కోతకూలీల బాలిక మాట. ఆ యేడు తలిదండ్రులతో వచ్చి, కొన్ని వారములు మాత్రము బడిలో గూర్చుండినది. తెలుగు కొంచెము కొంచెము వచ్చును. పావురములు వలతో నెగిరిపోయినవని విని యందఱును చప్పట్లు చఱచుచుండగా, నామె మెల్లగా, ‘వల వోయింది గద సారూ, గా వేటగాని పోరగాండ్లు గా రాత్రి ఏం తిన్నరు?’ అనెను. చప్పట్లు నిలిచిపోయినవి. పంచతంత్రమును హితోపదేశమును నీతిచంద్రికయు నేను మరల దిరుగవేసితిని. పావురములు నేల వ్రాలగనే పట్టుకొందునని వేటకాడు కొంతదూరము పరుగెత్తును, కంటికి గానరాకపోగా మరలిపోవును. అంతటితో సరి. వానికి బేరు లేదు, ఇల్లు లేదు. దూరదేశములకు బోయి పేరుమాసిన పావురములకంటె వల కొనుట కప్పుచేసిన మనిషి యాకలి యా బిడ్డకు దెలిసిన విషయము. విష్ణుశర్మ శిష్యులు రాజపుత్రులు. వారి కా ప్రశ్న తోచియుండదు. ఈ కథ వారిని విడిచి మన చాపలమీదికి వచ్చుటచేతనే యా ప్రశ్న పుట్టినది.

తక్కిన పిల్లలు నన్ను విడిచి తమలో దామే వాదించుకొనిరి. ఎలుక త్రాళ్లు గొఱికిన వల మఱి పనికిరాదని యొకడు. కాకి యా చల్లిన నూకలైన నేరుకొనివచ్చి వాని గుమ్మమున బోయవలెనని యొకతె. వాడు వల మాని కూలికి రావచ్చునని మఱియొకడు. కోతకు మనుషులు చాలరని వాని తండ్రి యనుచుండెనట. ఆ బాలిక మాత్రము, వేటకాడు తాబేటిని బట్టినపుడు దానిని గూడ బోగొట్టుకొన్నాడు గదా యని, లెక్క రెండు చేసినది.

ఆ వారము కడపట, మిగిలిన రెండు తంత్రములలో మీకేది కావలెనని యడిగితిని. పాటలీపుత్రపు రాజకుమారులు గోరినదే మా చెఱకుతోటల పిల్లలును గోరిరి. హంసలరాజు హిరణ్యగర్భునకు, నెమళ్లరాజు చిత్రవర్ణునకు గలిగిన యా యుద్ధములో, కాపాడినవారినే మోసగించి కోటకు నిప్పుపెట్టిన కాకినిగూర్చి మా తరగతి యిచ్చిన తీర్పు మఱియొక పెద్ద కథ. ఆకాశవాణివారు నా కొసగిన సమయము ముగియుచున్నది గావున, దానిని వేఱొకనాడు విన్నవించెదను.